బండి తాగిన మక్కలు

మా ఇంట్లో ఒకే గింజకు రెండు పేర్లు. నేను మొక్కజొన్న అంటాను, మా ఆయన మక్కలు అంటారు. నాది తెనాలి దగ్గర పల్లె, ఆయనది వికారాబాద్ వైపు. ఇద్దరివీ తరాలుగా చర్చికి వెళ్లే కుటుంబాలు. పెళ్లయిన కొత్తలో నేను 'అండి' అన్నప్పుడల్లా ఆయన నవ్వేవారు. ఆయన 'ఏంది' అన్నప్పుడల్లా నన్ను కోప్పడుతున్నారేమోనని నేను ఉలిక్కిపడేదాన్ని. పోను పోను రెండూ అలవాటైపోయాయి. ఆ గింజ పేరు మాత్రం ఎవరిది వాళ్లకే ఉండిపోయింది. అప్పట్లో అది మాట్లాడుకోవాల్సినంత విషయమూ కాదు. వానాకాలం సాయంత్రాలు స్టేషన్ బయట బొగ్గుల మీద కాల్చి, నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్ది ఇస్తే తినే కంకి, అంతే.

మేం ఉండేది బోరబండలో. నేను హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని. ఇంకొకరు రాసిన ప్రోగ్రామ్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఆయన కొత్తగూడలో మరో కంపెనీలో క్యాబులు సర్దే సూపర్‌వైజర్‌గా చేసేవారు. కరోనా వచ్చి ఆఫీసులన్నీ ఇళ్లలోకి వెళ్లిపోయాక క్యాబులతో పనిలేకుండా పోయింది. ఆఫీసులు మళ్లీ తెరిచినా ఆ కంపెనీ ఆయన్ని పిలవలేదు. చాలా చోట్ల అడిగారు. అందరూ మర్యాదగానే కూర్చోబెట్టి, టీ ఇచ్చి, మళ్లీ చెప్తామన్నారు.

ఒకరోజు చర్చి నుంచి వస్తూ దారిలో ఉన్నట్టుండి అన్నారు:

"ఊర్ల నా వాటా చెలక సాగు లేక పడావు పడ్డది. కోళ్ల ఫారం పెడ్త. అన్న మక్కలు పండిస్తడు, నేను కోళ్లకు పెడ్త. ఏమంటవ్?"

"మీకు కోళ్ల గురించి ఏం తెలుసండీ?" అన్నాను.

"క్యాబుల గురించి మాత్రం పుట్టినప్పుడు తెలుసునా?"

నా పీఎఫ్ తీశాను. ఆయన ఊరికి వెళ్లి రేకుల షెడ్డు వేయించి, బోనులు బిగించి, గుడ్డుకు వచ్చే వయసున్న పెట్టల్ని తెప్పించారు.

బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఊళ్లోనే ఉండి వ్యవసాయం చేసేవారు. పొడుగ్గా, ఎప్పుడూ కొంచెం వంగి నడిచే మనిషి. మాట తక్కువ. ఆయన చేనూ మా షెడ్డూ ఆనుకునే ఉండేవి. చేనులో మక్కలు కోళ్ల దాణాకు వచ్చేవి, కోళ్ల ఎరువు చేనుకు వెళ్లేది. అన్నదమ్ములు ధర గురించి మాట్లాడుకోవడం నేను ఎన్నడూ వినలేదు. మార్కెట్ యార్డులో ఎంత ఉంటే అంత. వారం వారం మా ఆయన గుడ్ల అట్టలు ట్రాలీ ఆటోలో వేసుకొచ్చి కొత్తగూడ, మాదాపూర్ హాస్టళ్లకు దింపేవారు. ఆ హాస్టళ్లలో ఉండే పిల్లలు ఒకప్పుడు ఆయన క్యాబుల్లో తిరిగినవాళ్లే. "అన్నా, మీరు గుడ్లమ్ముతున్నారా?" అని వాళ్లు ఆశ్చర్యపోతే, "నిన్న మిమ్మల్ని మోసిన, ఇయ్యాల మీ నాష్టా మోస్తున్న" అనేవారట. ఇంటికొచ్చి ఆ మాట నాకు నాలుగుసార్లు చెప్పారు. చాలాకాలం తర్వాత ఆయన ముఖంలో వెలుగు చూశాను.

కొన్ని ఆదివారాలు ఆరాధన అయ్యాక నేనూ షెడ్డుకు వెళ్లేదాన్ని. కొత్త మనిషి లోపల అడుగుపెడితే కోళ్లన్నీ ఒక్కసారిగా మాటాపి చూస్తాయి. తర్వాత ఏదో ఒకటి కొక్కొక్కుమంటుంది, ఇక మొత్తం షెడ్డు ఊగిపోతుంది. ఆయన మర దగ్గర మక్కలు ఆడించి బయటికి వస్తే కనుబొమల మీద పసుపుపచ్చటి దుమ్ము ఉండేది. తుడుచుకోమని చెప్పేదాన్ని కాదు. అది ఆయనకు బాగుండేది.

అప్పుడే మా ఆఫీసులో కొత్త ప్రాజెక్టు వచ్చింది. ఇథనాల్ ఫ్యాక్టరీలు రైతుల దగ్గర, వ్యాపారుల దగ్గర మొక్కజొన్న కొనడానికి వాడే యాప్. ఎవరి గింజ ఎంత, తేమ ఎంత, తీసుకోవాలా వద్దా, ఆ రోజు ధర ఎంత, అంతా అందులోనే. మొదటి రోజు మమ్మల్నందరినీ పెద్ద హాల్లో కూర్చోబెట్టి, క్లయింట్ తరఫున వచ్చిన ఒక పెద్దమనిషి మాట్లాడారు. మన దేశం పెట్రోల్ కోసం బయటి దేశాల చేతుల్లోకి ఎంత డబ్బు పోస్తోందో చెప్పారు. పెట్రోల్లో ఇథనాల్ కలిపితే ఆ మేరకు ఆ డబ్బు ఇక్కడే ఉంటుందన్నారు. చెరకు పంట తగ్గిందనీ, అందుకని చెరకు రసాన్ని కట్టడి చేశారనీ, బియ్యం తిండికి కావాలి కాబట్టి దాన్నీ ఆపారనీ, ఇక దేశానికి దిక్కు మొక్కజొన్నేననీ అన్నారు.

"ఇన్నాళ్లూ రైతు మీ కంచం నింపాడు. ఇకమీదట మీ బండి ట్యాంకూ నింపుతాడు" అనగానే అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఉందని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించడం లేదు. అది తల్చుకుంటేనే ఎక్కువ దిగులు. అబద్ధమైతే ఎవరినైనా తిట్టుకోవచ్చు.

మా ఆయన ఊరికి వెళ్లే రోడ్డు మీద కూడా ఒక ఫ్యాక్టరీ లేచింది. దూరం నుంచే దాని వాసన వచ్చేది. మర్చిపోయిన దోసెల పిండి పొంగి గిన్నెలోంచి కారిపోతే వంటిల్లంతా ఎలా ఉంటుందో, అలాంటి పులిసిన వాసన, ఊరంత పెద్దది. మా యాప్ మొదట పెట్టిన చోట్లలో అదీ ఒకటి. గేటు దగ్గర పనిచేసేవాళ్లకు నేర్పించడానికి నన్నూ పంపారు.

నేను వెళ్లేసరికి బండ్లు తూచే ధరమ్‌కాంటా నుంచి రోడ్డు మలుపు దాకా ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. కుర్చీ వేసుకుని, తేమ చూసే మిషన్ పక్కన ఫోన్ పెట్టి, ఎక్కడ నొక్కాలో చూపిస్తున్నాను. ఇంతలో ఎవరో "అమ్మా" అని పిలిచారు. తలెత్తితే బావగారు. తెల్లచొక్కా వేసుకున్నారు. పెళ్లిళ్లకు, ఈస్టరుకు తప్ప ఆయన ఒంటిమీద ఆ చొక్కా నేను చూడలేదు.

"నువ్వేంది ఇక్కడ?" అన్నారు.

"మా కంపెనీ చేసిన యాపేనండీ బావగారూ ఇది."

ఆయన పక్కనున్నవాళ్లందరి వైపూ తిరిగి, "మా మరదలు. మా తమ్ముని భార్య. గీ మిషన్ల లెక్కలు ఈమెనే చేసింది" అని గట్టిగా చెప్పారు. మాట తక్కువ మనిషి అంత గట్టిగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. ఫ్యాక్టరీవాళ్లు ఆయన గింజ తీసుకున్నారు. ఫోన్‌లో ఆకుపచ్చ గుర్తు పడగానే బావగారు దాన్ని వేలితో ముట్టుకుని చూశారు.

"గేటు ముంగటనే బోర్డు మీద ధర రాసి పెట్టిండ్రమ్మా. బేరం లేదు, బతిమాలుడు లేదు" అన్నారు. నాకు ఆ క్షణాన నిజంగా సంతోషమేసింది. మేం చేసే పని ఎవరికైనా పనికొస్తుందా అని ఎన్నో ఏళ్లుగా ఉన్న అనుమానం ఆ రోజు తీరినట్టనిపించింది.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపారు. "అన్న ఫ్యాక్టరీకి తోలిండా? మరి నాకు?" అన్నారు. అంతవరకూ ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు.

ఆ ఆదివారం ఇద్దరం ఊరికి వెళ్లాం. షెడ్డు ముందు మంచం మీద బావగారు, గుమ్మంలో అక్క, అంటే ఆయన భార్య. మా ఆయన కూర్చోలేదు.

"అన్నా, మక్కలు పంపకపోతివి. దాణా అయిపోవస్తున్నది."

"ఫ్యాక్టరోళ్లు ఇచ్చే ధర ఇయ్యి తమ్మీ, ఇప్పుడే బండి కడ్త. నీకంటె వాళ్లు నాకెక్కువనా?"

"ఆ ధరకు కొంటే గుడ్డు ఎంతకమ్మాలె? హాస్టలోళ్లు తీసుకుంటరా?"

"అది నాకెట్ల తెలుస్తది?"

"నా కోళ్లు సస్తయే అన్నా!"

బావగారు లేచి నిలబడ్డారు. గొంతు పెంచలేదు. "ఇన్నేండ్లు యార్డుల అడ్తి దుకాణం ముంగట చేతులు కట్టుకొని నిలవడ్డ. ఏనాడన్న నా పంటకు నేను ధర అడిగిన్నా? వాడిచ్చింది తీసుకున్న, వచ్చిన. ఇప్పుడు పిలిచి ఇస్తున్నరు. పెద్ద పిల్ల నర్సింగు చదువుతున్నది. చిన్నది ఇంటర్‌ల ఉన్నది. జన్మల ఒక్కసారి నా మక్కలకు విలువొచ్చింది తమ్మీ. వద్దనమంటవా?"

మా ఆయన అప్పుడు మంచం అంచున కూర్చున్నారు. "వద్దంటలేనన్నా" అన్నారు చివరికి. "నేను వద్దంటలేను."

అన్నదమ్ములిద్దరిలో ఎవరిది తప్పని అడిగితే నేను చెప్పలేను. అక్క టీ తెచ్చింది. ఎవరూ తాగలేదు. తిరిగి వచ్చేటప్పుడు బావగారు ఒక బస్తా మక్కలు తెచ్చి మా బండి మీద పెట్టారు. ధర అడగలేదు. అన్ని కోళ్లకు ఒక బస్తా ఏ మూలకు వస్తుంది? అయినా మా ఆయన దించమనలేదు.

అక్కడ్నుంచి రోజులు జారుడుబండ మీద పడ్డట్టే గడిచాయి. మార్కెట్లో ఎక్కడ అడిగినా మక్కలు ఫ్యాక్టరీ ధరకే దొరికేవి. నూకలు కలిపి చూద్దామనుకుంటే వాటికీ అదే గిరాకీ. ఫారాలు నడిపే పెద్ద కంపెనీలు ముందే గోదాములు నింపుకున్నాయి. మాలాంటి చిన్నవాళ్లు ఏ వారానికి ఆ వారం వెతుక్కోవాలి. దాణా తగ్గించారు. గుడ్డు సైజు తగ్గింది. హాస్టళ్లవాళ్లు చిన్న గుడ్లని పక్కన పెట్టడం మొదలుపెట్టారు.

అప్పుడు దాణా వ్యాపారి ఒకాయన మా ఆయనకు ఒక దారి చెప్పాడు. ఇథనాల్ తీశాక మిగిలే పిప్పిని ఎండబెట్టి ఫ్యాక్టరీలు అమ్ముతాయి, మాంసకృత్తులు బాగా ఉంటాయి, చౌక, సోయా చెక్క బదులు కలుపుకుంటే మిగిలిన డబ్బుతో మక్కలు కొనొచ్చు అని. ఇది ఆ పెద్దమనిషి మా హాల్లో చూపించిన మాటే. గింజ వృథా కాదు, ఇంధనం పోను మిగిలింది కోళ్లకే తిరిగి వస్తుంది అని తెర మీద ఒక బాణం గుండ్రంగా తిరిగి కోడి బొమ్మ దగ్గర ఆగింది. బాగా ఆరబెట్టిన పిప్పి మంచి దాణాయే కావచ్చు. ఎందరో వాడుతున్నారు. మాకు వచ్చిన సరుకు మాత్రం వానల్లో ఎక్కడో తడిసి, బూజు పట్టి, మళ్లీ ఆరిన సరుకు. చూస్తే తెలియలేదు. ముదురు బెల్లం రంగులో, కొంచెం కమ్మటి వాసనతో ఉండేది.

మొదట తోలుగుడ్లు వచ్చాయి, పట్టుకుంటే వేళ్ల కింద మెత్తగా నొక్కుకుపోయేవి. తర్వాత కోళ్ల జుట్లు పాలిపోయాయి. తర్వాత ఒక్కొక్కటీ బోను మూలన కూర్చుని లేవడం మానేశాయి. పశువుల డాక్టరుగారు వచ్చి ఒక కోడిని కోసి చూపించారు. కాలేయం పసుపుపచ్చగా, వేలు పెడితే పొడి అయ్యేలా ఉంది.

"బూజు విషమండీ" అన్నారాయన. "దాణా మార్చండి, మందు రాస్తాను. కానీ ఇవి మునుపట్లా గుడ్డు పెట్టడం కష్టం."

"దాణా మార్చడానికి ఏం పెట్టాలె సార్?" అని మా ఆయన అడిగారు.

"మొక్కజొన్నే" అన్నారు డాక్టరుగారు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

ఆ వారం ఆయన ఇంటికి రాలేదు. షెడ్డు వెనక గొయ్యి తీసి, సున్నం చల్లి, చచ్చిన కోళ్లను పూడ్చారు. బావగారు కూడా పార పట్టుకుని వచ్చి తవ్వారట. తర్వాత అక్క నాతో చెప్పింది. నేను శనివారం వెళ్లేసరికి మట్టి కప్పేశారు. ఆ షెడ్డులోకి అడుగుపెడితే అవి ఎప్పట్లాగే మాటాపి చూశాయి. కానీ ఆ తర్వాత ఏ కోడీ కొక్కొక్కుమనలేదు.

మిగిలినవాటిని తూకానికి అమ్మేయాలని నిర్ణయించాం. ఆ రోజు పొద్దున్నే ఇద్దరం మా పాత బైకు మీద బయల్దేరాం. గచ్చిబౌలి దాటి నార్సింగి సర్వీస్ రోడ్డు మీద అది దగ్గుతూ దగ్గుతూ ఆగిపోయింది. పక్కనే ఉన్న మెకానిక్ కార్బురేటర్ విప్పి, రబ్బరు వాషర్ బయటికి తీసి చూపించాడు. ఉబ్బి, మెత్తబడి, నలిపితే చేతికి నల్లగా అంటుకుంటోంది.

"పాత బండ్లకు ఇదే పరేషాన్ సార్. పెట్రోల్ల ఏందో కలుపుతున్నరంట. మైలేజీ కూడా తగ్గిందని అందరు నన్నే తిడ్తున్నరు."

మా ఆయన ఆ వాషర్‌ను అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు. చుట్టూ అద్దాల బిల్డింగులు, ఎవరి తొందరలో వాళ్లు పోయే బండ్లు. ఆయన నవ్వు ఆగలేదు.

"కోళ్ల నోట్ల మక్కలు గుంజి దీని నోట్ల పోస్తున్నరు. దీనికి గూడ అరుగుతలేదు చూడు!" అన్నారు. మెకానిక్‌కు అర్థంకాక నా వైపు చూశాడు. నేను ఆయన భుజం పట్టుకుని పక్కనున్న అరుగు మీద కూర్చోబెట్టాను. అప్పటికి నవ్వు ఏడుపైపోయింది. పెళ్లయ్యాక ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

కోళ్లను తీసుకెళ్లే బండి సాయంత్రం వచ్చింది. కాళ్లు పట్టుకుని తలకిందులుగా నాలుగు నాలుగు అందుకుని జాలీ పెట్టెల్లో వేస్తుంటే రెక్కలు కొట్టుకునే శక్తి కూడా లేదు వాటికి. బోనులు ఇనుప సామాన్ల వాడికి పోయాయి. తర్వాత ఆయన ఎవరిదో కారు కిరాయికి తీసుకుని క్యాబు నడపడం మొదలుపెట్టారు. ఒకప్పుడు క్యాబులను పంపిన గేట్ల ముందే ఇప్పుడు తానే బండి ఆపుకుని ఫోన్ మోగడం కోసం ఎదురుచూస్తారు. హాస్టల్ పిల్లలు ఎక్కితే గుర్తుపట్టనట్టు ఉంటారట.

ఇంత జరిగాక కనీసం బావగారైనా బాగుపడి ఉంటే నాకు ఇది రాయాలనిపించేది కాదేమో. ఒకరి నష్టం ఇంకొకరి లాభమని సర్దుకునేదాన్ని.

మరుసటి ఏడు ఆయన ఉన్న భూమంతా మక్కలే వేశారు. కందులు వేసే చోటా మక్కలే. పక్కవాళ్ల చేను కౌలుకు తీసుకుని అందులోనూ మక్కలే. ఊరంతా అలాగే వేసింది. పంట కంకి పట్టే సమయానికి పైన ఎక్కడో నిర్ణయాలు మారాయి. గోదాముల్లో బియ్యం పేరుకుపోయిందనీ, వాటిని ఇథనాల్‌కు ఇస్తారనీ కబురొచ్చింది. చెరకు మీద కట్టడి కూడా సడలింది. ఫ్యాక్టరీలు ఎక్కువైపోయాయి, చమురు కంపెనీలు కొనే ఇథనాల్ అంతమందికి సరిపోలేదు. ఇవన్నీ నాకు ఆఫీసులోనే ముందు తెలిశాయి, అదీ చాలా చిన్న రూపంలో. గింజ రకం ఎంచుకునే చోట 'మొక్కజొన్న' కింద 'బియ్యం' అని ఇంకో వరుస చేర్చమన్నారు. మా కుర్రవాళ్లు టీ తాగి వచ్చేలోపు చేర్చేశారు. నేను నొక్కి చూశాను. తప్పేమీ లేదు, పనిచేస్తోంది.

కోత అయ్యేసరికి ధర పడిపోయింది. గేటు ముందు బోర్డు తీసేశారు. బావగారు మక్కలను రోడ్డు పక్కన రాశి పోసి, కవర్లు కప్పి, ధర లేస్తుందేమోనని ఎదురుచూశారు. ధర లేవలేదు, వాన వచ్చింది. కాలంకాని వాన, ఆగకుండా. రాశి అడుగున గింజలు మొలకెత్తాయి.

ఒక మధ్యాహ్నం ఆఫీసులో భోజనం చేస్తుంటే బావగారి ఫోన్ వచ్చింది. లేచి మెట్ల దగ్గరికి వెళ్లాను.

"అమ్మా, రెండుసార్లు తోలుకపోయిన. తేమ ఎక్కువున్నదని ఎర్రగుర్తు పడ్తున్నది. నువ్వు చేసిన మిషనే గద. లోపల ఎవరితోనన్న చెప్పు, జర చూసీచూడనట్టు తీసుకోమని."

"బావగారూ, అది నా చేతుల్లో ఉండదండీ."

"నీకు అక్కడ పనిజేసేటోళ్లు తెలుసు గదమ్మా." "ఇంట్ల మీ అక్క రెండు దినాలసంది తింటలేదు."

నేను మా మేనేజర్ దగ్గరికి వెళ్లాను. మంచి మనిషి. తలుపు వేసి, నేను చెప్పిందంతా విన్నారు.

"మేడమ్, మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఆ రూల్ క్లయింట్‌ది. ఆర్డర్లు తగ్గించింది వాళ్ల పైవాళ్లు. వాళ్లకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. మన చేతిలో ఉన్నది స్క్రీన్ ఒక్కటే" అన్నారు. తర్వాత మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపారు. నేను తాగి వచ్చి సీట్లో కూర్చున్నాను. ఆ రోజు గుర్తులన్నీ సరిగ్గా పడుతున్నాయో లేదో చూడటమే నా పని. ఎర్రది పడాల్సిన చోట ఎర్రదే పడుతోంది. 'సరిగా ఉంది' అని రాసి పైకి పంపాను.

కొద్దిరోజులకు బావగారు బోరబండకు వచ్చారు. బస్సులో, భుజాన ఒక సంచితో. మా ఆయన అప్పుడే డ్యూటీ దిగి వచ్చి చొక్కా విప్పుతున్నారు. బావగారు సంచి మూతి విప్పి గుప్పెడు మక్కలు తీసి అరచేతిలో చూపించారు. కొన్ని గింజల కొనల దగ్గర నీలంగా బూజు.

"పైపై ఏరి మంచియి తెచ్చిన తమ్మీ. ఇంక చాన ఉన్నయి. ఎండబెడితే కోళ్లకు పనికొస్తయి. నాకు పైసలేం ఇయ్యకు. తీస్కపో."

మా ఆయన అన్నగారి ముఖంలోకి చూశారు. "అన్నా" అన్నారు. "కోళ్లెక్కడివన్నా?"

ఆ మాట బావగారికి తెలియక కాదు. కోళ్లను పూడ్చిన గొయ్యి ఆయనే తవ్వారు. అంత గింజ కళ్లెదుట కుళ్లిపోతుంటే మనిషికి ఆ మాత్రమూ గుర్తుండదేమో. ఆయన గుప్పెడు మూసి, మళ్లీ గింజల్ని సంచిలోకి వదిలి, "అవును గద" అన్నారు. తర్వాత ఇద్దరూ నేల మీద గోడకానుకుని కూర్చున్నారు. నేను అన్నం వడ్డించాను. పక్క పక్కన కూర్చుని తిన్నారు. ఇంట్లో ఉన్న గుడ్లతో కూర చేద్దామనుకుని, మనసొప్పక పప్పుతోనే సరిపెట్టాను.

ఆ రాశిలో ఎండిన భాగం అడ్తి దుకాణం వాడే వచ్చి తీసుకున్నాడు. ధర వాడే చెప్పాడు. మిగిలింది గేదెలకు కూడా పెట్టడానికి భయపడి చేనులోనే దున్నేశారు.

పెద్దమ్మాయి నర్సింగ్ పూర్తిచేసి ఇక్కడే ఒక దవాఖానాలో చేరింది. చిన్నది చదువు మానేసింది. అక్క ఊళ్లో కూలికి పోతోంది. కౌలు బాకీ తీర్చడానికి బావగారు కొత్తగూడలో ఒక అపార్టుమెంటుకు సెక్యూరిటీగా కుదిరారు. మా ముందుగదిలోనే పడుకుంటారు. నీలం చొక్కా, నల్ల బెల్టు. ఎవరి కారు వచ్చినా లేచి నిలబడాలి. ఆ వంగిన మనిషి లేచి నిలబడటానికి పడే కష్టం నేనొకసారి దూరం నుంచి చూసి, పలకరించకుండా వచ్చేశాను. పలకరిస్తే సిగ్గుపడతారని.

మా చర్చిలో పాస్టరుగారు రైతుల కోసం ప్రార్థన చేస్తారు. అన్నదమ్ములిద్దరూ కళ్లు మూసుకుని ఆమెన్ అంటారు. నాకు మాత్రం ఈ మధ్య ఏం అడగాలో తోచడం లేదు. ధర పెరగాలని అడగాలా, తగ్గాలని అడగాలా? దేశానికి చమురు దొరకాలని అడగాలా? ఎవరికి మేలు జరగాలన్నా ఆ మేలు ఇంకొకరి గుమ్మం తొక్కే పోతుందని మా ఇంట్లోనే చూశాను. కళ్లు తెరిచే ఉంచి, ముందు బల్ల మీద ఎవరో గీసిన గీతలు చూస్తూ కూర్చుంటాను.

మొన్న మృగశిర వచ్చింది. వాన పడింది. బావగారు డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మం దగ్గర ఆగారు. ఊళ్లో చేను దున్ని సిద్ధంగా పెట్టారట. ఇప్పుడు విత్తకపోతే అదను పోతుంది.

"అమ్మా, ఒకటి అడగాలె" అన్నారు. "నువ్వు ఆ పెద్ద బిల్డింగుల కూర్చుంటవు. వాళ్లు ఏం కొంటరో మీ కంప్యూటర్ల ముందే పడ్తది గద. ఈసారి ఏం ఎయ్యాలె? మక్కలెయ్యాల్నా, వద్దా?"

"నాకు తెలియదండీ బావగారూ" అన్నాను.

ఆయన నమ్మలేదు. నేను ఏదో దాస్తున్నానని కూడా అనుకోలేదు. తెలిసే ఉంటుంది, ఇంకాసేపట్లో చెబుతుంది అన్నట్టు నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డారు. మా ఆయన వెనక నుంచి, "అన్నా, లోకల్ రైలుకు టైమైతున్నది" అన్నారు. ఆయన తల ఊపి, టిఫిన్ డబ్బా అందుకుని మెట్లు దిగారు.